ఉన్న బీడులోనే నాలుగు పశువులు ఎక్కువ సాకాలంటే: కిన్వట్ వైపు రైతుకు ఏ దారి మేలు?

పోళా పండగ నాడు మా గుట్టను చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగేసి ఊరేగించే ఆ రోజుల్లో మోకాలెత్తు గడ్డి గాలికి ఊగుతుంటుంది. మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లాలో వాన బాగా పడేది మా కిన్వట్, మాహూర్ వైపే కాబట్టి ఆ పచ్చదనం చూసి, ఇంకో నాలుగు ఆవులను సాకలేమా అనిపిస్తుంది. నాకూ అట్లనే అనిపించి మూడు ఆవులను కొన్నాను. మే నెలలో వాటిలో రెండింటిని కొన్న ధర కన్నా తక్కువకే అంగడిలో వదిలేసి వచ్చాను. వాటిలో ఒకటి చూడిది. కొన్నవాడు నోట్లు లెక్కపెడుతూ "మేత లేదా అన్నా?" అన్నాడు. లేదనడానికి సిగ్గేసి, "మనుషుల్లేరు తమ్మీ, చూసుకునేటోళ్లు లేరు" అన్నాను.

ఆ ఏడు మొదలు మూడేళ్లలో ఒకటి చేసి చెడగొట్టుకున్నాను, ఒకటి చేసి బాగుపడ్డాను. అందుకే ఈ పోలిక రాస్తున్నాను. నా భూమి మొరం నేల, గుట్ట వాలు. ఆరెకరాల బీడు, కింద మూడెకరాల చెల్క, ఒక బోరు ఉన్నాయి. ధర్మాబాద్, దెగ్లూర్ వైపు నల్లరేగడి ఉన్నవాళ్లకు కొన్ని మాటలు వర్తించవు, అవి ఎక్కడో చెబుతాను.

ముందు ఒక దారిని పక్కన పెడదాం. గుట్ట వెనక అడవి ఉంది కదా, ఇంకో రెండెకరాలు నరుక్కుంటే పోలేదా అని మా దగ్గర ఇప్పటికీ అనేవాళ్లున్నారు. అటవీ హక్కుల చట్టం కింద పట్టా రావాలంటే 2005 డిసెంబర్ 13 కంటే ముందు నుంచి ఆ భూమి సాగులో ఉండాలి. ఇవాళ నరికితే వచ్చేది కేసే, పట్టా కాదు. చట్టం సంగతి అటుంచినా, గుట్ట మీద మన్ను జానెడు కూడా ఉండదు. చెట్టు పోతే రెండు వానలకు అదీ కొట్టుకుపోయి రాయి తేలుతుంది. పైగా ఇటు పైన్‌గంగా అభయారణ్యం, అటు పాండర్‌కవడ దగ్గర టిపేశ్వర్, రెండు వైపులా పులి తిరిగే చోటు. దాని అడవిలోకి మనం ఎంత జరిగితే మన కొట్టంలోకి అది అంత జరుగుతుంది.

కొనే ముందు కొలవండి

ఏ దారి పట్టాలో తేలాలంటే మీ బీడులో ఎంత మేత ఉందో తెలియాలి. దీనికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. బోరు పనిలో మిగిలిన ప్లాస్టిక్ పైపును నాలుగు మీటరు ముక్కలుగా కోసి చతురస్రంగా బిగించాను. పోళా అయిపోయాక గుట్ట ఎక్కి, చూడకుండా వెనక్కి విసిరాను. కళ్లు తెరిచి వేస్తే మనసు గడ్డి బాగున్న చోటికే పోతుంది, అందుకని. చట్రం పడ్డచోట నాలుగు వేళ్ల ఎత్తు వదిలి కొడవలితో కోసి, సంచిలో వేసి, అట్లా పది చోట్ల. సంచులను రేకుల మీద మూడు రోజులు ఎండబెట్టి కిరాణా తూకంలో పెడితే సగటున చట్రానికి పావుకిలో వచ్చింది.

పావుకిలో అంటే ఎకరానికి సుమారు ఒక టన్ను ఎండుగడ్డి. అంతా మేపేస్తే వచ్చే ఏడు గడ్డి రాదు కాబట్టి సగం వదలాలి. ఆరెకరాలకు నాకు మిగిలింది మూడు టన్నులు. మూడు వందల కిలోల ఆవు తన బరువులో రెండున్నర శాతం, అంటే రోజుకు ఏడున్నర కిలోల ఎండుమేత లెక్కన తింటుంది. నాలుగు నెలల వానాకాలానికే తొమ్మిది వందల కిలోలు. అంటే నా గుట్ట మూడు పశువులను, అదీ ఒక్క వానాకాలం మాత్రమే, పద్ధతిగా మోయగలదు. అప్పుడు నా దగ్గర తొమ్మిది ఉన్నాయి. మిగతా ఆరు ఎట్లా బతికాయంటే గట్ల మీద, అడవి అంచున, గుట్ట ఆయువు తింటూ బతికాయి.

ఈ లెక్క చూశాకే ఒక సంగతి నాకు బుర్రకెక్కింది. మంద ఎంతుండాలో జులై గడ్డి చెప్పదు, మే నెల చెబుతుంది. అందుకే కింద చెప్పే ప్రతి దారినీ నేను ఒకే ప్రశ్నతో తూచాను: ఇది మేలో నా పశువుకు ఏం పెడుతుంది?

వంతుల మేత

బీడును నాలుగు ముక్కలు చేసి, ఒక ముక్కలో మేపుతూ మిగతా మూడింటికి సెలవివ్వడం. చాలా తక్కువ ఖర్చు, చాలా ఎక్కువ ఓపిక.

ఇది ఎందుకు పనిచేస్తుందో చెబుతాను, లేకపోతే మధ్యలో వదిలేస్తారు. పశువు రుచి ఎరిగినది. మార్వెల్ లాంటి మెత్తటి గడ్డి ఎక్కడుందో వెతుక్కుని అదే కొరుకుతుంది. నాలుగు రోజులకు ఆ దుబ్బు కొత్త చిగురేస్తే మళ్లీ వచ్చి అదే కొరుకుతుంది. చిగురేయడానికి దుబ్బు వేరులో దాచుకున్న బలాన్ని ఖర్చు పెడుతుంది. ఆ బలాన్ని తిరిగి నింపుకునే లోపే ఆకు పోతే మూడు నాలుగేళ్లలో దుబ్బు చచ్చిపోతుంది. దాని చోట్లోకి కుసుల గడ్డి వస్తుంది. మా గుట్ట సగం అదే. ముదిరాక దాని గింజ ముల్లై మేకల మూతికీ తోలుకీ దిగుతుంది. ఇక పశువు ముట్టని తరోటా, వయ్యారిభామ సంగతి చెప్పక్కర్లేదు. గడ్డి లేదని మనం అంటాం కానీ, గడ్డి ఉంటుంది, తినేది ఉండదు.

వానాకాలంలో ఒక్కో ముక్కకు 25 నుంచి 30 రోజుల విరామం దొరికితే దుబ్బు కోలుకుంటుంది. ఎప్పుడు మార్చాలి అంటే తేదీ చూడొద్దు, గడ్డి చూడండి. నాలుగు వేళ్ల ఎత్తుకు వచ్చిందా, మంద పక్క ముక్కలోకి పోవాలి. ప్రతి ఏడూ ఒక ముక్కను గింజ రాలేదాకా అసలు ముట్టొద్దు. ఏటా ఒకటి చొప్పున నాలుగేళ్లకు బీడంతా విత్తనం పడుతుంది.

ముక్కలు చేయడానికి కంచె కావాలి. ముళ్లకంప వేస్తే ఏటా వేయాలి. నేను జట్కా మిషన్ పెట్టాను, అంటే తీగను తాకితే చిన్న షాక్ కొట్టే కంచె. బ్యాటరీ, చిన్న సోలార్ పలక, రెండు వరుసల తీగ, అంతా కలిపి ఒక మంచి పెయ్య ధర కన్నా తక్కువే అయింది. పశువులు రెండు రోజుల్లో నేర్చుకుంటాయి. ఎండాకాలం నేల ఎండిపోతే ఎర్తింగ్ పట్టదు, కడ్డీ చుట్టూ బిందెడు నీళ్లు పోస్తుండాలి. స్తంభం నుంచి నేరుగా కరెంటు మాత్రం తీగకు ఇవ్వకండి. దాన్ని తాకి మనుషులు పోయారు, పులులు పోయాయి, అది పెట్టినవాడు జైలుకు పోతాడు.

రెండో ఏడు నా చట్రంలో గడ్డి ఎక్కువే తూగింది. ఆ ఏడు వాన కూడా బాగుండె, కాబట్టి అంతా వంతుల పుణ్యమే అనను. మే నెలకు ఇదేం పెడుతుంది? నేరుగా ఏమీ పెట్టదు. కానీ నాలుగు ముక్కల్లో ఒకటి కోతకు మిగులుతుంది. అసలు లాభం అక్కడుంది.

మేపడమా, కోయడమా?

కుసుల గడ్డిని కూడా ముల్లు గట్టిపడక ముందు, పూత మీద కోస్తే పశువు తింటుంది. దీపావళి దాకా ఆగితే ఎత్తు పెరుగుతుంది, తూకం పెరుగుతుంది, పస పోతుంది. పూత మీద కోసిన గడ్డిలో ఉండే మాంసకృత్తుల్లో సగం కూడా ముదిరి ఎండిన గడ్డిలో మిగలవు. మా దగ్గర అందరూ ఆగేది పంట పని ఒత్తిడి వల్ల. సరిగ్గా గడ్డి కోయాల్సినప్పుడే సోయా కోత పడుతుంది, కూలీలు దొరకరు. నేను ఇంట్లో వాళ్లతో ఒక ముక్క మాత్రం దసరా లోపు కోసి, నీడలో కుప్ప వేయించుకుంటున్నాను.

ఊరంతా కలిస్తే ఈ దారికి బలం ఎక్కువ. అహిల్యానగర్ జిల్లా హివ్రే బజార్‌లో చరాయిబందీ పెట్టి, గుట్ట మీద పశువును వదలకుండా కొడవలితో కోసుకుపోయే పద్ధతి తెచ్చారు. వాళ్ల వాన మనకంటే చాలా తక్కువ, అయినా అక్కడ పాడి పెరిగింది. మా ఊరి గాయరాన్‌కు, అంటే ఊరుమ్మడి మేత భూమికి, అదే చేద్దామని గ్రామసభలో అడిగితే ఒక పెద్దాయన "తమ్మీ, నీకు జట్కా మిషన్ ఉంది, మాకు మేకలున్నాయి, మేమెక్కడ పోవాలె?" అన్నాడు. నా దగ్గర జవాబు లేకపోయింది. మేకలవాళ్లకు వాటా తేల్చకుండా గాయరాన్ మూసేయడం నాకూ సబబనిపించదు. అందుకని ఊరి భూమిని నమ్ముకుని మంద పెంచే లెక్క వేయకండి, సొంత బీడు లెక్కే వేయండి.

బీడులో స్టైలో చల్లడం

మొరం నేల, గుట్టవాలు ఉన్నవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇదే. స్టైలో హమాటా పప్పుజాతి మొక్క, పసుపు పూత. గడ్డి మధ్యలోనే పెరుగుతుంది, గాలిలోని నత్రజనిని వేరులో పట్టి పక్కనున్న గడ్డికీ మేలు చేస్తుంది. గడ్డి ఎండాక కూడా కొన్నాళ్లు పచ్చగా నిలుస్తుంది. ఎండుగడ్డి ఒక్కటే తినే పశువుకు పిడికెడు స్టైలో దొరికితే ఆ ఎండుగడ్డి కూడా బాగా అరుగుతుంది.

విత్తనం పైపొర గట్టిది, అట్లనే చల్లితే చాలావరకు మొలవదు. నీళ్లు కాచి, మరగక ముందే, ఎనభై డిగ్రీల దగ్గర దించి, విత్తనాన్ని గుడ్డలో కట్టి నాలుగు నిమిషాలు ముంచి తీయాలి. తర్వాత రాత్రంతా చన్నీళ్లలో ఉంచి, ఉదయం నీడలో ఆరబెట్టుకోవాలి. నాలుగు నిమిషాలంటే నాలుగే. మొదటిసారి నేను ఫోన్ మాట్లాడుతూ మరిచిపోయి కిలో విత్తనం ఉడకబెట్టాను. వెదజల్లితే ఎకరానికి నాలుగు కిలోలు, సాళ్లలో వేస్తే రెండున్నర చాలు. మృగశిర వానలు పడగానే నేలను ముల్లకంపతో అటూ ఇటూ గీకి చల్లేయొచ్చు, దున్నక్కర్లేదు. దున్నితే గుట్ట మన్ను పోతుంది. వీలైతే ఎకరానికో బస్తా సూపర్ ఫాస్ఫేట్.

చిక్కేమిటంటే మొదటి ఏడు అది జానెడు కూడా కనిపించదు. పక్కవాళ్లు నవ్వుతారు. గింజ రాలేదాకా ఆ ముక్కలోకి మందను పోనీయొద్దు. అందుకే వంతుల మేత లేకుండా స్టైలో నిలవదు. రెండు పనులూ కలిపి చేయాలి, లేదా రెండూ వద్దు. నీళ్లు నిలిచే నల్లరేగడిలో ఇది రాణించదు.

చొప్ప, కుట్టీ, యూరియా

మే నెల ప్రశ్నకు సూటిగా జవాబిచ్చేది ఇది. ఒకప్పుడు మా చెల్కల్లో జొన్న ఉండేది, జొన్నతో పాటు చొప్ప ఉండేది. పత్తి, సోయా వచ్చాక గింజల డబ్బు పెరిగింది, కడబా (జొన్న చొప్ప) పోయింది. పశువులు తగ్గడానికి బీడు తరగడం ఎంత కారణమో జొన్న పోవడమూ అంతే కారణం. ఎకరం, ముప్పావు ఎకరం జొన్న వేసుకునే వీలుంటే, గింజ ధర చూడకుండా చొప్ప కోసమే వేయండి. ఒక జాగ్రత్త ఉంది. పూతకు రాని లేత జొన్న, వాన లేక గిడసబారిన జొన్న, కోశాక మొలిచే పిలకలు విషం. ఒక్క పూట మేతకే పశువు పడిపోతుంది.

ఉన్న చొప్పను నిలువుగా వేస్తే పశువు ఆకు తిని కాడను తొక్కేస్తుంది. మా కొట్టంలో పొద్దున ఊడ్చిన తొక్కుడు చొప్పను ఒకరోజు తూచి చూశాను, వేసినదాంట్లో మూడో వంతుకు దగ్గరుంది. చొప్పను చిన్న ముక్కలుగా నరికే కడబా కుట్టీ మిషన్ కొన్నాక అది చేతికెత్తే చారెడుకు వచ్చింది. ఎకరం భూమి కొన్నా ఇంత మేత మిగలదు. నా మట్టుకు మొదటి రూపాయి ఇక్కడే పెట్టాలి. ఒక్కరికి భారమైతే ఇద్దరు ముగ్గురు కలిసి కొనండి. దానికి చేతి వేళ్లు బలివ్వకండి, రాత్రి నిద్రమత్తులో గడ్డి నెట్టొద్దు.

యూరియా పట్టించడం వరిగడ్డి, గోధుమ గడ్డి ఉన్నవాళ్లకు మంచి కిటుకు. నూరు కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియాను యాభై లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి, పొరపొరగా చల్లి తొక్కి, ప్లాస్టిక్ కప్పి మూడు వారాలు మూయాలి. తీశాక ఘాటు పోయేదాకా ఆరబెట్టి, కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. ఆరు నెలల లోపు దూడలకు వద్దు. పట్టించే రోజు యూరియా నీళ్ల బకెట్ పశువుకు అందే చోట ఉంటే అంతే సంగతులు, తాగితే చస్తుంది.

మక్కతో మురగాస్ (సైలేజ్, పాతర మేత) వేసుకోవడం కూడా మంచిదే. గింజ పాలు గట్టిపడే దశలో కోసి, కుట్టీ కొట్టి, గాలి చొరకుండా తొక్కి నలభై ఐదు రోజులు మూస్తే మే దాకా పచ్చిమేతలా ఉంటుంది. పాలిచ్చే నాలుగైదు బర్రెలున్న ఇంటికి లాభం. దున్నడానికి, పేడకు సాకే ఎర్ర కంధారి నాటు పశువులకు అంత ఖర్చు దండగ.

సూపర్ నేపియర్: నేను కాలు జారిన చోటు

సూపర్ నేపియర్ మనిషెత్తు పెరిగే పచ్చిమేత గడ్డి. ఫోన్లో వీడియోలు చూసినవాళ్లంతా ముందు అడిగేది దీని గురించే. నేనూ అదే చేశాను. నారు అమ్మినాయన ఎకరానికి పాతిక పశువులు అన్నాడు, నీళ్లెన్ని కావాలో అడిగితే "మామూలే" అన్నాడు. ఎకరం పెట్టాను. తొలి కోత రెండున్నర నెలలకు మనిషెత్తు వచ్చింది, ఊరంతా వచ్చి చూసిపోయారు. మార్చిలో బోరు గంట పోసి ఆగడం మొదలుపెట్టింది. ఏప్రిల్లో పసుపుపచ్చ, మేలో ఎండు కట్టెలు. చూడి ఆవును అమ్మింది ఆ ఏడే.

గడ్డి తప్పు కాదు, లెక్క తప్పు. నీళ్లు, ఎరువు నిండుగా ఉంటే సీఓ-4 లాంటి నేపియర్ రకం ఎకరానికి ఏడాదికి నూటయాభై టన్నుల పచ్చిమేత ఇస్తుందని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం చెబుతుంది. మన దగ్గర సగం వచ్చినా గొప్పే. ఆ సగం లెక్కనే పది గుంటలకు, అంటే పావెకరానికి, రోజుకు యాభై కిలోలు పడుతుంది. ఐదు ఆవులకు చొప్పతో పాటు తలా పది కిలోలు. అంతకు మించి ఆశ పెట్టుకోవద్దు. మేలో వారానికోసారి తడి పెట్టగల బోరు ఉంటే పది గుంటలు పెట్టండి. అట్లాంటి బోరు లేకపోతే వద్దు. దెగ్లూర్ వైపు కాలువ నీళ్లున్న రైతుకు ఇది మొదటి దారి కావచ్చు, గుట్ట రైతుకు చివరిది. నేపియర్ ఎక్కువ పెట్టేవాళ్లు ఖనిజ లవణాలు కలపడం మరవొద్దు. దానిలోని ఆక్జలేట్ పశువు ఒంట్లో కాల్షియాన్ని పట్టేసుకుంటుంది.

నీటి మీద తేలి పెరిగే అజొల్లా తొట్లు, ట్రేలలో మొలకల మేత గురించి ఒక్క మాట: చూడ్డానికి బాగుంటాయి, కడుపు నింపవు. గట్ల మీద సుబాబుల్, అవిసె నాలుగు వరుసలు వేసుకోవడం మాత్రం ఊరికే వచ్చే మేత. సుబాబుల్ ఆకు మేతలో మూడో వంతు దాటితే వెంట్రుకలు రాలతాయి, అంతలో ఉంచండి.

తలలు లెక్కపెట్టేముందు

మహారాష్ట్రలో 2015 నుంచి ఎద్దుల వధ కూడా నిషేధం. పని అయిపోయిన ఎద్దును కొనేవాడు దాదాపు లేడు, దాని మేత మన నెత్తిన ఉంటుంది. అది మంచా చెడా అన్న వాదన వేరే చోట చేసుకుందాం. లెక్కలో మాత్రం దాన్ని వదలొద్దు. ఐదు పశువులు పెంచుదామనుకుంటే, వాటిలో రెండు పదేళ్ల తర్వాత కూడా కొట్టంలోనే ఉంటాయనుకోవాలి. పాల కోసమైతే ఆడదూడలే ఎక్కువ పుట్టే సెక్స్‌డ్ సెమెన్ గురించి పశువుల డాక్టరును అడగడం మేలు.

ఇక ఎవరికి ఏది? బోరు నమ్మకం లేని గుట్ట రైతు ఈ ఏడు కుట్టీ మిషన్, వంతుల మేత మొదలుపెట్టి, వచ్చే మృగశిరకు ఒక ముక్కలో స్టైలో చల్లుకుంటే చాలు. రెండేళ్ల దాకా మంద పెంచొద్దు. చెల్క ఎక్కువ, బీడు తక్కువ ఉన్నవాళ్లు జొన్న వేసి, కుట్టీ కొట్టి, వీలైతే మురగాస్ పెట్టుకోవాలి, కంచె మీద డబ్బు పోయక్కర్లేదు. నీళ్లున్న పాడి రైతుకు నేపియర్. బీడూ నీళ్లూ చొప్పా ఏదీ లేక అడవి అంచునే నమ్ముకున్న ఇంటికి, కష్టమైన మాటే, ఉన్నవాటిలో రెండు తగ్గించుకుని మిగతావాటికి కడుపునిండా పెట్టడమే లాభం.

కొనడం మాత్రం పోళాకు వద్దు. నేను కొట్టంలో నిట్టాడుకు సుద్దతో గీతలు గీసుకున్నాను. హోలీకి చొప్ప కుప్ప ఇంత ఎత్తు, అక్షయ తృతీయకు ఇంత, మృగశిరకు నేలబారున ఇంత ఉండాలని. మొదటి రెండేళ్లు కుప్ప గీత కిందే ఉండిపోయింది. పోయిన మృగశిరకు చివరి గీతకు జానెడు పైన నిలిచింది. ఆ జానెడు చూసుకుని ఒక్క పెయ్యను కొన్నాను.